మతిమరుపు జబ్బు ముప్పు తగ్గించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వరస తప్పకుండా చేసుకునే మార్గదర్శి

"రోజూ సుడోకు చేస్తున్నాను, సరిపోతుందా?" "జ్ఞాపకశక్తికి ఏ మాత్రలు మంచివి?" డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారు? చాలామంది కాసేపు ఆలోచించి, గుర్తులేదంటారు.

ఏం చేస్తే మంచిదో అందరికీ కొద్దోగొప్పో తెలుసు. ఏది ముందు చేయాలో, ఎలా చేస్తే సరిగ్గా చేసినట్టో చెప్పేవాళ్లే తక్కువ. పజిల్స్ మీద పెట్టే శ్రద్ధలో సగం చెవుల మీద, రక్తపోటు మీద పెడితే మెదడుకు దక్కే మేలు ఎక్కువ. ఈ మార్గదర్శి అంతా ఆ వరస గురించే.

ముందుగా ఒక మాట. ఇవన్నీ చేసినా డిమెన్షియా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వయసునూ, పుట్టుకతో వచ్చిన జన్యువులనూ మనం మార్చలేం. మార్చగలిగినవి మాత్రం తక్కువేమీ కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2024లో అలాంటి 14 ముప్పు కారణాలను లెక్కగట్టింది. వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో, వాయిదా వేయడమో వీలవుతుందని అంచనా వేసింది. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క. "నాకు 45 శాతం ముప్పు తగ్గుతుంది" అని చదువుకోకూడదు.

## 1. మొదలుపెట్టే ముందు: ఒక కాగితం, ఒక వారం

మొదటి వారం ఏ అలవాటూ మార్చకండి. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఈ కాగితం మీకోసమే కాబట్టి తగ్గించి రాయాల్సిన పని లేదు.

- [ ] వయసు, ఎత్తు, బరువు, నడుము కొలత
- [ ] బీపీ: ఆఖరి అంకెలు, చూసిన తేదీ
- [ ] షుగర్ (మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష), ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ (చెడు కొలెస్ట్రాల్)
- [ ] చెవులు, కళ్లు: ఆఖరిసారి పరీక్ష చేయించుకున్నది ఎప్పుడు
- [ ] రోజూ వేసుకునే ప్రతి మందు, మోతాదు. దుకాణంలో అడిగి కొనుక్కునేవి కూడా
- [ ] రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు, గురక ఉందా (పక్కన పడుకునేవాళ్లను అడిగి రాయండి)
- [ ] వారంలో ఎన్ని నిమిషాలు చురుగ్గా నడిచారు
- [ ] ఇంట్లోవాళ్లు కాక, వారంలో ఎంతమందితో తీరిగ్గా మాట్లాడారు
- [ ] సిగరెట్లు, మద్యం: లెక్కతో సహా

ఖాళీగా మిగిలిపోయిన వరసలే మీ మొదటి పనులు. పరీక్ష చేయించుకోని అంకెను ఏ అలవాటూ సరిచేయలేదు.

## 2. బీపీ: అన్నిటికంటే ముందు

మెదడులోని సన్నటి రక్తనాళాలు ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడి మోస్తే గట్టిపడి, మూసుకుపోతాయి. పక్షవాతంలా పెద్దగా ఏమీ జరగకపోయినా లోపల చిన్నచిన్న చోట్ల కణాలు చనిపోతూ ఉంటాయి. మనిషికి నొప్పి ఉండదు కాబట్టి తెలియదు.

జీవనశైలి సలహాల్లో చాలావాటికి పరిశీలనా అధ్యయనాలే ఆధారం, అంటే జనం ఎలా ఉన్నారో గమనించి రాసినవి. బీపీకి అంతకన్నా గట్టి రుజువు ఉంది. చైనాలో 326 పల్లెల్లో దాదాపు 34 వేలమంది మీద నాలుగేళ్లు జరిగిన ట్రయల్ (ఒక గుంపుకు చేసి, ఇంకో గుంపుతో పోల్చి చూసే ప్రయోగం) ఫలితాలు 2025లో వచ్చాయి. ఊరి స్థాయి వైద్య కార్యకర్తలే ఇళ్ల దగ్గర బీపీని గట్టిగా అదుపులో పెట్టించారు. మామూలు వైద్యం అందిన పల్లెలతో పోలిస్తే అక్కడ డిమెన్షియా 15 శాతం తక్కువగా కనబడింది. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేకపోయాయి. కొలవడం, మందు సర్దడం, మళ్లీ కొలవడం, అంతే.

ఇంట్లో సరిగ్గా కొలిచే పద్ధతి:

1. మణికట్టుకు కట్టేది కాకుండా, పైచేతికి చుట్టే ఆటోమేటిక్ మిషన్ తీసుకోండి. చేతి చుట్టుకొలతకు సరిపడే పట్టీ ఉండాలి. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.
2. కొలవడానికి అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి కూర్చోండి.
3. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద ఆనేలా కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోకండి.
4. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ బట్టల మీద కాదు, చర్మం మీద చుట్టాలి.
5. ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. తర్వాత రెండుసార్లు కొలవండి, మధ్యలో ఒక నిమిషం విరామం.
6. పొద్దున మందు వేసుకునే ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇలా ఏడు రోజులు.
7. మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటి సగటు తీయండి.

మా ఇంటికి మిషన్ వచ్చిన రోజు నాన్న సోఫాలో వాలి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో మాట్లాడుతూనే బటన్ నొక్కారు. పై అంకె 158. ఆ అంకె చూసి ఇల్లంతా హడావుడి పడ్డాం. ఫోన్ పక్కన పెట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి కింద దిండు పెట్టి ఐదు నిమిషాల తర్వాత చూస్తే 141. తక్కువేమీ కాదు, డాక్టరుకు చూపించాల్సిందే. కానీ మందు మోతాదు తేల్చాల్సింది ఈ రెండో అంకెను బట్టి.

ఇంటి సగటు 135/85 దాటుతుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. 40 ఏళ్ల నుంచీ పై అంకెను 130 లేదా అంతకంటే తక్కువలో ఉంచుకోవాలన్నది లాన్సెట్ కమిషన్ సలహా. మీకు ఎంతవరకు దించాలన్నది మీ వయసు, మిగతా జబ్బులు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. బాగా పెద్దవాళ్లలో బీపీ మరీ దిగితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. అలా జరుగుతుంటే కూర్చుని ఒకసారి, లేచిన ఒకటి, మూడు నిమిషాలకు ఒకసారి కొలిచి ఆ అంకెలూ రాసుకెళ్లండి.

ఎక్కువమంది చేసే తప్పు: నెల రోజులు మందు వాడి, అంకె మామూలుకు రాగానే ఆపేయడం. అంకె దిగింది ఆ మందు వల్లే. ఆపితే మళ్లీ పెరుగుతుంది, పెరిగినట్టు మీకు తెలియదు కూడా.

మందుతోపాటు చేయాల్సింది ఉప్పు తగ్గించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు కొంచెం తక్కువ. వంటలో వేసేదే కాదు, ప్యాకెట్ తిండిలో ఉన్నదీ ఇందులోకే వస్తుంది.

## 3. షుగర్, కొలెస్ట్రాల్: ఒకే రక్త పరీక్షలో

40 దాటితే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ రెండూ చేయించండి. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను లాన్సెట్ కమిషన్ 2024లోనే జాబితాలో చేర్చింది. నడివయసులో అది ఎక్కువగా ఉండటం ముప్పు పెంచుతుందని తేల్చింది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. అంకె ఎక్కువ కావడం ఎంత చెడ్డదో, మందు ఎక్కువై షుగర్ మాటిమాటికీ పడిపోవడం కూడా మెదడుకు అంతే చెడ్డది. చెమటలు పట్టడం, వణుకు, గందరగోళం తరచూ వస్తుంటే మోతాదు మార్పించుకోండి.

ఇదే రక్తంతో బీ12, థైరాయిడ్ కూడా చూడమని అడగండి. ఈ రెండిటిలో ఏది తగ్గినా మతిమరుపు, మందకొడితనం వస్తాయి. సరిచేయగలిగిన కారణం ఉండగా డిమెన్షియా అనుకుని కుంగిపోయినవాళ్లను చూశాను.

## 4. చెవులు: అందరూ వాయిదా వేసే పని

మాట సరిగ్గా వినబడనప్పుడు మెదడు ఆ ఖాళీలను పూరించుకోవడానికే బలమంతా ఖర్చుపెడుతుంది. గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. ఇంకో నష్టం మెల్లగా జరుగుతుంది. నలుగురిలో కూర్చున్నా మాటలు అందక, మనిషి కబుర్లకు దూరమవుతాడు. లాన్సెట్ కమిషన్ 2024 లెక్కలో వినికిడి లోపం, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ చెరి 7 శాతంతో జాబితాలో పైన ఉన్నాయి.

అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్లు 977 మందితో అచీవ్ అనే ట్రయల్ జరిగింది. 2023లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే మూడేళ్లలో చెవి మిషన్ పెద్ద తేడా చూపలేదు. గుండె, రక్తనాళాల ముప్పు వంటివి ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం ఆలోచనా శక్తి తరుగుదల 48 శాతం నెమ్మదించింది. అంటే మిషన్ అందరికీ ఒకే మేలు చేయదు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకే ఎక్కువ ఉపయోగం.

పరీక్షకు వెళ్లాల్సిన గుర్తులు:

- [ ] టీవీ శబ్దం ఎక్కువగా ఉందని ఇంట్లోవాళ్లు అంటున్నారు
- [ ] ఎదుటివాళ్లు గొణుగుతున్నట్టు అనిపిస్తోంది
- [ ] సందడిలో మాటలు విడివిడిగా అందడం లేదు
- [ ] ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటున్నారు
- [ ] వినకపోయినా నవ్వి, తలూపేస్తున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ యాప్‌లో ఉచితంగా ప్రాథమిక పరీక్ష చేసుకోవచ్చు. అది తేడా చూపిస్తే ఆడియోమెట్రీ (ఎంత వినబడుతోందో యంత్రంతో కొలిచే పరీక్ష) చేయించండి. దానికంటే ముందు డాక్టరు చెవిలో గులిమి ఉందేమో చూస్తారు. కొందరికి అది తీయించుకుంటే చాలు, పని అయిపోతుంది. పుల్లలు, పిన్నులు మీరే పెట్టి తీయకండి.

అసలు చిక్కు మిషన్ కొన్నాక మొదలవుతుంది. అమ్మ మొదటి రోజే పళ్లాలు సర్దుతున్న చప్పుడు భరించలేక తీసి డబ్బాలో పెట్టేసింది. ఆ డబ్బా ఎనిమిది నెలలు అలమరలోనే ఉంది. తప్పు ఆమెది కాదు. ఏళ్లుగా కొన్ని శబ్దాలు అందని మెదడుకు ఒక్కసారిగా అన్నీ పోటెత్తితే తట్టుకోలేదు. ఎలా అలవాటు చేసుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఈ పద్ధతిలో కుదిరింది:

1. మొదటి 3 రోజులు: చప్పుడు లేని గదిలో, ఒక్క మనిషితో మాట్లాడుతూ, గంట నుంచి రెండు గంటలు.
2. వారం లోపు: రోజుకు 4 గంటలు. టీవీ, ఇంటి పనులు కలపండి.
3. రెండో వారం: వీధిలో నడక, ఇద్దరు ముగ్గురితో కబుర్లు.
4. మూడో వారం: మిషన్ అమర్చినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి శబ్దం సర్దించుకోండి. ఏ శబ్దం ఇబ్బంది పెట్టిందో రాసుకుని వెళ్లాలి. "బాగోలేదు" అంటే వాళ్లు సర్దలేరు. "గ్లాసుల చప్పుడు గుచ్చుకుంటోంది" అంటే సర్దగలరు.
5. నెల తర్వాత: పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా.

ఈల వేసినట్టు శబ్దం వస్తే మిషన్ చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. శబ్దం తగ్గితే ముందు బ్యాటరీ, తర్వాత గులిమి చూడండి.

వినికిడి బాగున్నవాళ్లు దాన్ని కాపాడుకోవాలి. ఇయర్‌ఫోన్ శబ్దం 60 శాతం దాటించకండి. అరిచి మాట్లాడుకోవాల్సిన చోట పనిచేస్తుంటే చెవులకు రక్షణ పెట్టుకోండి.

## 5. కళ్లు

ఏడాదికోసారి పరీక్ష చాలు. శుక్లం ఉందని తెలిసీ "ఇంకా పండలేదు" అని ఏళ్లు గడపకండి. చదవడం, నడవడం, మొహాలు గుర్తుపట్టడం కష్టమవుతుంటే ఆపరేషన్ సంగతి అడగాల్సిన సమయం వచ్చినట్టే.

## 6. ఒంటికి కదలిక: వారం వారీ పథకం

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాల బలానికి, 65 దాటినవాళ్లు మూడు రోజులు తూలిపోకుండా ఉండే కసరత్తు.

మధ్యస్థ వేగం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం చాలదు. మాట కూడా ఆగిపోతుంటే ఎక్కువైంది.

ఈ వారాలను నడక మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కపెట్టండి.

వారాలు 1–2: రోజుకు 10 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. వేళ ఒకటే పెట్టుకోండి.

వారాలు 3–4: రోజుకు 20 నిమిషాలు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 8 సార్లు, వారంలో రెండు రోజులు.

వారాలు 5–8: రోజుకు 30 నిమిషాలు. గోడకు చేతులు ఆనించి తోయడం కలపండి. బల్ల పట్టుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు, రెండు కాళ్లకూ.

ఆ తర్వాత: మధ్యమధ్య రెండేసి నిమిషాలు వేగం పెంచండి.

10 వేల అడుగులు కాకపోతే దండగ అనుకునేవాళ్లకు ఒక మంచి కబురు. బ్రిటన్‌లో 78 వేలమంది అడుగులు లెక్కించిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. రోజుకు 9,800 అడుగుల దగ్గర డిమెన్షియా ముప్పు సగం తక్కువగా కనబడింది. 3,800 అడుగులకే 25 శాతం తక్కువ. ఇది కేవలం పరిశీలన. నడిచేవాళ్లకు మిగతా ఆరోగ్యమూ బాగుండి ఉండవచ్చు. అయినా కొంచెం నడకా వృథా పోదనడానికి ఇది చాలు.

నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే ఆగి, డాక్టరుకు చూపించాకే మళ్లీ మొదలుపెట్టండి. వాన పడిన రోజు, ఒళ్లు బాగోని రోజు మానేస్తే మర్నాడు రెట్టింపు నడవకండి. మామూలుగా ఎంత నడుస్తారో అంతే నడవండి. రెట్టింపు చేసినవాళ్లకు మోకాళ్లు పట్టేసి, వారమంతా పోతుంది.

## 7. నిద్ర

లండన్ ప్రభుత్వోద్యోగులను దశాబ్దాల పాటు గమనించిన వైట్‌హాల్ అధ్యయనం 2021లో ఒక సంగతి చెప్పింది. 50, 60 ఏళ్ల వయసులో రాత్రికి 6 గంటలు లేదా అంతకన్నా తక్కువ పడుకునేవాళ్లలో డిమెన్షియా ముప్పు ఎక్కువగా ఉంది. ఏడు గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. ఈ మాట చదివి పడుకున్నాక గడియారం చూస్తూ కంగారు పడకండి. ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే ఏమీ కాదు.

చేయాల్సిన వరస:

1. ముందు లేచే వేళ స్థిరం చేయండి. పడుకునే వేళ దానంతటదే సర్దుకుంటుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.
2. లేచిన గంటలోపు ఎండ పొడలో కాసేపు ఉండండి.
3. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపండి.
4. పగటి కునుకు అరగంటకు మించకూడదు, మధ్యాహ్నం మూడింటి లోపే ముగించాలి.
5. మంచం మీద 20 నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చోండి. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ మంచం ఎక్కండి.

పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి పీల్చుకోవడం, పగలంతా మగత, ఇవి ఉంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. దానికి పరీక్ష ఉంది, మంచి వైద్యమూ ఉంది. గురకను గాఢనిద్రకు గుర్తు అనుకుని వదిలేయడం ప్రమాదం.

## 8. వేసుకుంటున్న మందులు ఒకసారి తిరగేయించండి

ఈ అడుగు దాదాపు ఎవరూ వేయరు. కొన్ని పాతకాలపు అలర్జీ మాత్రలు, మత్తునిచ్చే జలుబు మందులు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు, కొన్ని పాత డిప్రెషన్ మందులు మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. జ్ఞాపకానికి కావాల్సిన రసాయనం అదే. పెద్దవాళ్లలో ఇవి గందరగోళం తెస్తాయి. ఏళ్లపాటు వాడినవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనబడిందని అధ్యయనాలు చెబుతున్నాయి. నిద్రమాత్రలతో తూలి పడిపోవడం ఇంకో ప్రమాదం.

మీ అంతట మీరు ఏదీ ఆపకండి. జాబితా డాక్టరుకు చూపించి ఇలా అడగండి: "వీటిలో నా మెదడును మందగింపజేసేవి ఉన్నాయా? వీటి బదులు వేరేవి ఇవ్వగలరా?"

## 9. తిండి: మాత్రలు కాదు, పళ్లెం

ఏ ఒక్క పదార్థమూ డిమెన్షియాను ఆపదు. మేలు కనబడింది మొత్తం తినే తీరులోనే. ఆకుకూరలు, కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టుతీయని గింజధాన్యాలు, పళ్లు, గింజలు, చేపలు ఎక్కువ. వేపుళ్లు, తీపి పానీయాలు, ప్యాకెట్ తిండి, ప్రాసెస్ చేసిన మాంసం తక్కువ.

మెదడు కోసమే కూర్చిన మైండ్ డైట్‌ను పాటించేవాళ్లలో ముప్పు తక్కువని పరిశీలనలు చెప్పాయి. 2023లో వచ్చిన మూడేళ్ల ట్రయల్‌లో మాత్రం, అంతే కేలరీలు తగ్గించి మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే పెద్ద తేడా రాలేదు. అందుకే తిండిని తొమ్మిదో అంకంలో పెట్టాను. దీన్ని బీపీ, షుగర్, బరువు అదుపులో ఉంచే పనిముట్టుగా చూడండి.

జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే గింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలను 3 వేలమందికి పైగా పెద్దవాళ్ల మీద ఏళ్లపాటు పరీక్షించారు. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా తగ్గలేదు. ఆ డబ్బుతో బీపీ మిషన్ కొనుక్కోండి.

మార్చే పద్ధతి ఇదీ: రెండు వారాలకు ఒక్క మార్పు. మొదట తీపి పానీయం ఆపండి. తర్వాత రోజూ ఒక పూట పళ్లెంలో సగం కూరగాయలు. ఆ తర్వాత చిరుతిండి బదులు గుప్పెడు గింజలు.

## 10. ఆపాల్సినవి, కాపాడుకోవాల్సినవి

- [ ] సిగరెట్, పొగాకు: ఏ వయసులో మానినా లాభమే. మానలేకపోతే నికోటిన్ గమ్, ప్యాచ్‌ల గురించి డాక్టరును అడగండి. ఒట్టి పట్టుదల మీదే ఆధారపడటం వల్ల చాలామంది మళ్లీ మొదలుపెడతారు.
- [ ] మద్యం: మెదడుకు మేలు చేసే మోతాదు అంటూ లేదు. బాగా అలవాటైనవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో ఆపండి.
- [ ] తలకు దెబ్బ: బైకు, సైకిల్ మీద హెల్మెట్, బిగించి పెట్టుకోవాలి. ఇంట్లో బాత్రూంలో పట్టుకునే కడ్డీ, జారని చాప, రాత్రి దారికి లైటు.
- [ ] పొగ, దుమ్ము: వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి లేదా ఫ్యాన్ వేయండి. గాలి నాణ్యత బాగోలేని రోజు నడక ఇంట్లోనే.

## 11. మనుషులు, మనసు

ఒంటరితనం కూడా లాన్సెట్ జాబితాలో ఉంది. "అందరితో కలవండి" అనే సలహా ఆచరణలోకి రాదు. వారానికి ఒక వేళ, ఒక మనిషి, ఒక పని అని పెట్టుకుంటేనే నిలుస్తుంది. బుధవారం సాయంత్రం పాత స్నేహితుడితో నడక అనుకుంటే మానేయడం కష్టం.

మెదడుకు పని కావాలంటే కొత్తదీ, కొంచెం కష్టమైనదీ, వీలైతే ఇంకొకరితో కలిసి చేసేదీ ఎంచుకోండి. కొత్త భాష, వాయిద్యం, పిల్లలకు పాఠం చెప్పడం లాంటివి. పదేళ్లుగా చేస్తున్న సుడోకు వల్ల సుడోకులోనే నేర్పు పెరుగుతుంది. ఇష్టమైతే చేయండి, దాన్ని వ్యాయామం కింద లెక్కేయకండి.

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే దుఃఖం రావడం, ఆకలి, నిద్ర చెడటం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అది కూడా ముప్పు కారణాల్లో ఒకటి. పెద్దవాళ్లలో అది అచ్చం మతిమరుపులాగే కనబడుతుంది. వైద్యంతో తగ్గే దాన్ని వయసు మీదకి తోసేయకండి.

## 12. పన్నెండు వారాల వరస

- వారం 1: కాగితం నింపడం, ఏడు రోజుల బీపీ
- వారం 2: రక్త పరీక్ష, డాక్టరుతో మాటలు, మందుల జాబితా
- వారం 3: చెవి, కంటి పరీక్షలకు సమయం తీసుకోవడం. 10 నిమిషాల నడక మొదలు
- వారాలు 4–6: నడక పెంచడం, లేచే వేళ స్థిరం, తిండిలో మొదటి మార్పు
- వారాలు 7–9: బలం, నిలకడ కసరత్తులు. వారానికో మనిషి, ఒక వేళ
- వారాలు 10–12: కొత్త విద్య మొదలు. మళ్లీ ఏడు రోజుల బీపీ, కాగితం రెండోసారి నింపడం

సిగరెట్ తాగేవాళ్లు మానే తేదీని రెండో వారంలోనే పెట్టుకోండి.

అన్నీ ఒకేరోజు మొదలుపెట్టిన ఉత్సాహం మూడో వారానికి చల్లబడుతుంది. ఒంటరిగా చేసినా అంతే. అమెరికాలో 60 నుంచి 79 ఏళ్లవాళ్లు 2,111 మందితో రెండేళ్లు జరిగిన యూఎస్ పాయింటర్ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. వ్యాయామం, తిండి, మెదడుకు పని, బీపీ లాంటి అంకెల తనిఖీ, ఇవన్నీ రెండు గుంపులకూ చెప్పారు. ఒక గుంపు తమంతట తాము చేసుకుంది. రెండో గుంపు రెండేళ్లలో 38 సార్లు కలిసి కూర్చుని, లెక్కలు చూసుకుంది. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, రెండోది ఎక్కువ. కాబట్టి ఇంట్లో ఒకరినో, స్నేహితుడినో కలుపుకోండి. ఆదివారం పది నిమిషాలు ఇద్దరూ కాగితాలు మార్చుకుని చూసుకోండి.

## 13. ఇక అలవాట్లతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోయి, తర్వాత గుర్తొస్తే అది మామూలే. కింది గుర్తుల్లో ఏదైనా కొత్తగా మొదలై, పెరుగుతుంటే పరీక్ష కావాలి:

- [ ] అడిగిన ప్రశ్నే కాసేపట్లో మళ్లీ అడగడం, అడిగినట్టే గుర్తులేకపోవడం
- [ ] రోజూ వెళ్లే దారిలో తప్పిపోవడం
- [ ] ఎప్పుడూ చేసే వంట, డబ్బు లెక్క, బిల్లుల పని తప్పడం
- [ ] మాట మధ్యలో మామూలు పదాలే దొరక్కపోవడం
- [ ] స్వభావం మారడం, అకారణ అనుమానాలు

గంటల్లోనో, రోజుల్లోనో హఠాత్తుగా గందరగోళం వస్తే అది డిమెన్షియా లక్షణం కాదు. ఇన్‌ఫెక్షన్, మందుల ప్రభావం, ఒంట్లో నీరు తగ్గడం లాంటి కారణాలు ఉంటాయి. ఆరోజే చూపించాలి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే అది పక్షవాతం. నిమిషం ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవండి.

డాక్టరు దగ్గరికి మనిషిని ఒంటరిగా పంపకండి. కలిసి ఉండేవాళ్లు తోడు వెళ్లాలి. జబ్బు ఉన్న మనిషికి తన మరుపు తెలియకపోవచ్చు. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు అన్నవి రెండు మూడు ఉదాహరణలతో రాసుకోండి. "మరుపు ఎక్కువైంది" అని రాస్తే చాలదు. "పోయిన నెలలో మూడుసార్లు స్టవ్ ఆర్పడం మర్చిపోయింది" అని రాయండి. మొదటి వారం కాగితం, బీపీ అంకెలు, మందుల డబ్బాలన్నీ సంచిలో వేసుకోండి. చెవి మిషన్, కళ్లజోడు పెట్టించే తీసుకెళ్లండి. అవి లేకుండా పరీక్ష రాస్తే, వినబడక, కనబడక చెప్పలేకపోయినవన్నీ మతిమరుపు ఖాతాలో పడతాయి.